పైలట్ కార్డు మీద ఆ మీసాలాయన ఎవరు?

పోయిన దసరాకు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక కార్డు ఫోటో పడింది. అమెరికాలో ఉండే మా బావ పెట్టాడు. ఏటీఎం కార్డంత సైజు, ప్లాస్టిక్. కింద రెండే మాటలు: "పైలట్ అయిన."

బావ కూడా నాలాగే సాఫ్ట్‌వేర్. శని, ఆదివారాల్లో చిన్న సెస్నా విమానం నడపడం నేర్చుకుంటున్నాడని అందరికీ తెలుసు. కానీ మధ్యలో మానేస్తాడని మా ఇంట్లో పందేలు కూడా కట్టుకున్నాం. అంతకుముందు గిటారు, ఆ తర్వాత కీటో డైట్ అలాగే పోయాయి మరి. అందుకే గ్రూపు నిండా చప్పట్లు, లడ్డూలు, విమానం బొమ్మలు. మా పెద్దనాన్న మాత్రం రామన్నపేటలో అరుగు మీద కూర్చుని, ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దగా చేసి చూసి, వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"అంతా మంచిగనే ఉందిగని అల్లుడా, గిండ్ల నీ ఫోటో ఏది? ఈ ఇద్దరు ఎవరు? ఆ మీసాలాయన ఎవరు?"

నేనూ జూమ్ చేసి చూశాను. నిజమే, బావ మొహం ఎక్కడా లేదు. ఉన్నది విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. 1903లో కిట్టీ హాక్ దగ్గర విమానం ఎగరేసిన అన్నదమ్ములు. మీసాలాయన ఆర్విల్, తమ్ముడు. అమెరికాలో పైలట్లకు ఇచ్చే ప్లాస్టిక్ సర్టిఫికెట్ మీద పైలట్ ఫోటో ఉండదు, వీళ్ల బొమ్మలుంటాయి. మన డ్రైవింగ్ లైసెన్సు మీద మన మొహం బదులు హెన్రీ ఫోర్డ్ మొహం వేసినట్టన్నమాట.

నేను హైదరాబాద్‌లో చేసే పని ఏంటంటే, లాగిన్ అయిన మనిషి నిజంగా ఆ మనిషేనా అని తేల్చే కోడ్ రాయడం. ఓటీపీ రాలేదని మీరు తిట్టుకునేది నాలాంటి వాళ్లనే. కాబట్టి పెద్దనాన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఫోటో లేని కార్డు పట్టుకుని వచ్చినోణ్ని ఎయిర్‌పోర్టు లోపలికి, విమానం దాకా ఎట్లా రానిస్తారు? అదీ వాళ్ల దేశంలో, 2001 సెప్టెంబర్ 11 చూసినాక?

రాత్రి పదకొండుకు బావకు ఫోన్ చేశా. ఆయనకు మధ్యాహ్నం, మీటింగ్‌లో ఉన్నాడు. అయినా విమానం సంగతి అనేసరికి మీటింగ్ మ్యూట్ చేశాడు.

"జేబులో ఒక్క కార్డు సరిపోదురా, మూడుండాలె" అన్నాడు. పైలట్ సర్టిఫికెట్ ఒకటి. డాక్టరు ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్ ఇంకొకటి. మూడోది ప్రభుత్వం ఇచ్చిన ఫోటో ఐడీ, డ్రైవింగ్ లైసెన్సో పాస్‌పోర్టో. ఈ మూడోది 2002 అక్టోబర్‌లో పెట్టిన నిబంధన. అంతకుముందు పైలట్ సర్టిఫికెట్ అంటే ఒట్టి కాగితం ముక్క. ఆ కాగితాలు 2010 మార్చి 31 దాకా చెల్లాయి కూడా. ఎవరు అడిగినా చూపించాలా అంటే, కాదు. విమానయాన శాఖ ఎఫ్ఏఏ వాళ్లు, ప్రమాదాల దర్యాప్తు బోర్డు వాళ్లు, భద్రత చూసే టీఎస్ఏ వాళ్లు, పోలీసులు అడిగితే చూపించాలి.

మరి కార్డు మీదే ఫోటో వేస్తే గొడవే ఉండదు కదా? వేయాలని 2004లోనే వాళ్ల పార్లమెంటు చట్టం చేసింది. 2010లో ఎఫ్ఏఏ ముసాయిదా తెచ్చింది. 2012లో ఇంకో చట్టం వేలిముద్రలో కంటిపాపో కూడా పట్టేలా కార్డు ఉండాలంది. బావ కార్డు మాత్రం మీ ముందే ఉంది, రైట్ బ్రదర్స్ నవ్వకుండా చూస్తున్నారు. జిరా టికెట్లు ఏళ్ల తరబడి "ఇన్ ప్రోగ్రెస్"లో ఉండేది మా ఆఫీసులోనే అనుకున్నా. కొంచెం ధైర్యం వచ్చింది.

అసలు చిక్కు కార్డులో లేదు, గేటు దగ్గర ఉందన్నాడు బావ.

అమెరికాలో చిన్న ఎయిర్‌ఫీల్డులు వేలల్లో ఉన్నాయి. చాలా చోట్ల ఒక కంచె, ఒక గేటు, అంతే. ఎయిర్‌లైన్స్ విమానాలు కూడా దిగే ఎయిర్‌పోర్టులో సొంత విమానం పెట్టుకున్నవాళ్ల కథ వేరు. వాళ్ల మీద విచారణ చేసి ఆ ఎయిర్‌పోర్టు బ్యాడ్జి ఇస్తుంది. మెళ్లో వేసుకుని దర్జాగా లోపలికి పోవచ్చు. కానీ ఆ బ్యాడ్జి ఆ ఒక్క ఎయిర్‌పోర్టుకే. గంట ఎగిరి ఇంకో ఊర్లో దిగితే, అక్కడ నువ్వెవరో ఎవరికీ తెలియదు. విమానం ఉన్నదే వేరే ఊరికి పోవడానికి కదా!

2009లో టీఎస్ఏ ఈ బ్యాడ్జిల నిబంధన బిగించినప్పుడు చిన్న విమానాల పైలట్లు గగ్గోలు పెట్టింది దీని మీదే. పోయిన ప్రతి ఊర్లో విచారణ చేయించుకుని బ్యాడ్జి తీసుకోవాలా? చివరికి వచ్చీపోయే పైలట్లకు బ్యాడ్జి అక్కర్లేదన్నారు. దానికో షరతు ఉంది. దిగినాక విమానం దగ్గరే ఉండాలి, లేదంటే అక్కణ్నుంచి నేరుగా పెట్రోలు పోసే, పార్కింగ్ చూసే ఆఫీసుకో, బయటికి పోయే గేటుకో నడవాలి. మధ్యలో అటూ ఇటూ తిరగొద్దు. చుట్టం ఇంటికొస్తే ముందు గదిలో కూర్చోమంటాం చూడండి, ఆ లెక్క.

బావ కొత్తగా లైసెన్సు వచ్చిన ఉత్సాహంలో ఒక శనివారం అట్లాగే ఒక ఊరికి పోయాడు. విమానం కట్టేసి (అవును, గాలికి కదలకుండా తాళ్లతో నేలకు కడతారు, మన దగ్గర బర్రెను కట్టేసినట్టే), గేటు దాటి బయటికొచ్చి, బిర్యానీ దొరక్కపోతే బర్గర్ తిని, సాయంత్రం తిరిగొచ్చాడు. లోపలి నుంచి బయటికి గేటు ఊరికే తెరుచుకుంది. బయట నుంచి లోపలికి మాత్రం కోడ్ కొట్టాలి. ఆఫీసు మూసేశారు. కోడ్ గేటుకు లోపలి వైపు కాగితం మీద అంటించి ఉంది. వచ్చేటప్పుడు ఫోన్‌లో ఫోటో తీసుకుంటే అయిపోయేది, తీసుకోలేదు. "కంచె అవతల నా విమానం కనపడుతనే ఉంది. నేను మాత్రం దొంగోని లెక్క కంచె పట్టుకుని నిలవడ్డ."

జేబులో మూడు కార్డులూ ఉన్నాయి. గేటుకు కళ్లు లేవు కదా, ఎవరికి చూపిస్తాడు?

అరగంటకు ఒక ముసలి మెకానిక్ బ్యాడ్జి వేసుకుని వచ్చాడు. కార్డు అడగలేదు. "ఏది నీ విమానం?" అన్నాడు. బావ తోక మీది నంబరు చెప్పాడు. అమెరికా విమానాల నంబరు ఎన్ అక్షరంతో మొదలవుతుంది, మనవి వీటీతో. అది నాక్కూడా ఇక్కణ్నుంచి కనపడుతోంది అన్నాడట ముసలాయన. నిజమే కదా, అందరికీ కనపడేలా గోడ మీద రాసిన పాస్‌వర్డ్ అది. "తాళంచెవి ఏది?" అన్నాడు. బావ జేబులోంచి సెస్నా తాళంచెవి తీసి చూపించాడు. ఆయన కోడ్ కొట్టి, విమానం దాకా వెంట నడిచి, తలుపు తెరుచుకోవడం కళ్లారా చూసి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

మా ఫీల్డులో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి కానీ సంగతి చిన్నదే. "నువ్వెవరు?" అన్నది ఒక ప్రశ్న. "నీకు ఇక్కడేం పని?" అన్నది వేరే ప్రశ్న. కార్డులన్నీ మొదటిదానికి జవాబు చెబుతాయి. ముసలాయన అడిగింది రెండోది. రామన్నపేటలో మీరు బీబీనగర్ - నడికుడి లైన్ రైలు దిగి, స్టేషన్ నుంచి లోపలికి నడిచి చూడండి. ఎవరూ మీ ఆధార్ అడగరు. "ఎవరింటికొచ్చినవ్ బిడ్డా?" అంటారు. జవాబు సరిగ్గా చెబితే మంచినీళ్లు ఇచ్చి దారి చూపిస్తారు, తప్పు చెబితే ఊరు దాటేదాకా నాలుగు జతల కళ్లు వెంటే వస్తాయి. ఆ రెండో ప్రశ్నను సాఫ్ట్‌వేర్‌తో అడిగించడం ఎంత కష్టమో నాకు తెలుసు, జీతం దానికే ఇస్తున్నారు.

అయితే ఊరి పద్ధతి ఎల్లప్పుడూ పనిచేస్తుందని కూడా అనలేం. 2002 జనవరి 5న ఫ్లోరిడాలోని టాంపాలో ఏం జరిగిందంటే, పదిహేనేళ్ల పిల్లాడొకడు ఫ్లయింగ్ స్కూల్లో విద్యార్థి. క్లాసుకు వచ్చాడు, అందరికీ తెలిసిన మొహమే. విమానం చెక్ చేస్తుండమని టీచరు పంపితే, ఒక్కడే సెస్నా ఎక్కి లేచిపోయి, ఊరి నడిబొడ్డున ఒక బ్యాంకు బిల్డింగును గుద్దేశాడు. పోయింది అతని ప్రాణమొక్కటే. అతని దగ్గర ఎన్ని కార్డులు ఉంటే మాత్రం ఎవరికేం తెలిసేది? నువ్వెవరో తెలుసు, నీకిక్కడ పనుందనీ తెలుసు. మనసులో ఏముందో మాత్రం ఏ స్కానరూ చదవలేదు. చిన్న విమానాలు అంత ప్రమాదం కాదని వాదించేవాళ్లు ఇంకో మాట అంటారు: సెస్నా 172 నిండా మనుషులు, పెట్రోలు వేసినా సుమారు 1100 కిలోలు, అంటే మన రోడ్ల మీద తిరిగే ఒక కారంత. అదీ నిజమే.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన ఊరు కాలేజ్ పార్క్. వాషింగ్టన్ పక్కన, మేరీలాండ్‌లో ఉంది. ప్రపంచంలో ఆగకుండా నడుస్తున్న ఎయిర్‌పోర్టుల్లో అన్నిటికంటే పాతది. 1909లో విల్బర్ రైట్ స్వయంగా అక్కడికొచ్చి అమెరికా సైనికాధికారులకు విమానం నడపడం నేర్పించాడు. ఇప్పుడది రాజధాని చుట్టూ గీసిన నిషేధిత వలయం లోపల ఉంది. 2001 తర్వాత చాలాకాలం అక్కడ విమానం పెట్టుకున్న స్థానిక పైలట్లకే అనుమతి. 2005లో గానీ బయటి పైలట్లకు దారి తెరవలేదు. అదీ వేలిముద్రలు ఇచ్చి, విచారణ పూర్తయి, ఒక రహస్య పిన్ నంబరు చేతికొచ్చాకే. ఎగిరేముందు ఫోన్ చేసి ఆ పిన్ చెప్పి ఫ్లైట్ ప్లాన్ వేయాలి. అంటే విల్బర్ రైట్ బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని, విల్బర్ రైట్ పాఠాలు చెప్పిన చోటికి పోవాలంటే, ఆ కార్డు చాలదు! బావ అప్లై చేస్తానంటున్నాడు. వేలిముద్రలు ఇవ్వడం ఆయనకు కొత్త కాదు.

ఎందుకంటే అసలు నేర్చుకోవడానికే ఇచ్చాడు. సెప్టెంబర్ 11 దాడి చేసినవాళ్లలో కొందరు అమెరికా ఫ్లయింగ్ స్కూళ్లలోనే నేర్చుకున్నారు. అందుకని 2003 చివర్లో చేసిన చట్టంతో, అమెరికా పౌరుడు కానివాళ్లు ఎవరైనా మొదటి లైసెన్సు కోసం చేరాలంటే ముందు టీఎస్ఏ విచారణ దాటాలి. గ్రీన్ కార్డు ఉన్నా తప్పదు. 2024లో ఆ నిబంధనలు మార్చి, ఒకసారి వచ్చిన క్లియరెన్సు ఐదేళ్లు చెల్లేలా చేశారు. శనాదివారాల్లో విమానం నేర్చుకునే మన తెలుగు పిల్లలు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, అందరిదీ ఇదే దారి.

ఇక్కడే మన ఇంటిపేరు అడ్డం పడుతుంది.

మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. వాళ్లకు తలకిందులు. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఇంటర్‌లో రెండక్షరాలు, పాస్‌పోర్టులో పూర్తిగా. మధ్యలో పాస్‌పోర్టు ఏజెంటు అంతా కలిపి ఒకే గడిలో కొట్టేస్తే ఇంక దేవుడే దిక్కు. అమెరికా వీసా మీద పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" అని వస్తుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, పేరు తెలియదు అని అర్థం. ఆఫీసులో కొత్తగా చేరిన మా సీనియర్ ఒకణ్ని అక్కడోళ్లు నెల రోజులు "హాయ్ ఫ్నూ" అనే పిలిచారు. బావ తన అప్లికేషన్లో తొందరపడి ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక రాశాడు. తప్పు ఆయనదే. అది తిరిగొచ్చి, మళ్లీ పంపి, తేలేసరికి ఒక ఎండాకాలం గడిచిపోయింది. ఆ మూడు నెలలూ ఒక కంప్యూటర్ దృష్టిలో ఆయన ఇద్దరు మనుషులు, ఇద్దరి మీదా అనుమానం.

నవ్వుకుంటున్నారా? నేనూ నవ్వాను, మా నానమ్మను మొదటిసారి విమానం ఎక్కించేదాకా. శంషాబాద్ నుంచి వైజాగ్‌కు. టికెట్ నేనే బుక్ చేశా, ఓటరు కార్డు చూసి. తీరా చేతికి ఆధార్ ఇచ్చి పంపా. మా దిక్కు లచ్చమ్మలందరూ ఏదో ఒక కార్డులో లక్ష్మమ్మలై కూర్చుంటారు, మీకు తెలిసిందే. ఇంట్లో అన్ని కార్డులూ ఉన్నాయి, సరిపోయేది మాత్రం ఇంట్లోనే ఉంది. "నేను నేను గాదా మల్ల?" అని నానమ్మ నన్ను అడిగిన మాట ఇంకా చెవిలో ఉంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఓపిగ్గా స్పెల్లింగ్ సరిచేసి పంపింది కాబట్టి సరిపోయింది.

నానమ్మకు వేలిముద్రలూ సరిగ్గా పడవు. మా మండలంలో సిరిపురం, వెల్లంకి దిక్కు ఇంటింటికీ మగ్గాలుండేవి. చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం వాళ్లమ్మ కష్టం చూడలేక ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది, సినిమా కూడా వచ్చింది. ఆ యంత్రం మా ఇంటికి చేరేసరికి నానమ్మ వేళ్ల మీది గీతలు సగం దారంతో పాటే పోయాయి. మిషన్ మీద వేలు పెడితే ఎర్రలైటు. ఇప్పుడు కంటిపాప చూసి పని కానిస్తున్నారు. వేలిముద్ర అబద్ధం చెప్పదు అని మా ట్రైనింగ్‌లో చెబుతారు. జీవితమంతా పనిచేసిన వేలు అసలేమీ చెప్పదని ఆ ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

సరే, మన దేశం సంగతికొద్దాం. బావలాంటివాళ్లు ఇక్కడ చిన్న విమానంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతే?

అమెరికాలో వాతావరణం బాగుంటే చాలాచోట్ల ఫ్లైట్ ప్లాన్ కూడా వేయకుండా లేచిపోవచ్చు. మన దగ్గర కుదరదు. ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు ఒకటి, ఎఫ్ఐసీ నంబరు ఒకటి చేతికొచ్చాకే ప్రయాణం. అంటే మనం మనిషితో పాటు ప్రయాణానికి కూడా ఐడీ ఇస్తాం. దీనికి కారణాలు గాల్లోంచి ఊడిపడలేదు. కాదు, నిజంగా గాల్లోంచే ఊడిపడ్డాయి: 1995 డిసెంబర్ 17 రాత్రి పశ్చిమ బెంగాల్లోని పురూలియాలో ఒక విదేశీ విమానం ఊళ్ల మీద ఆయుధాల పెట్టెలు జారవిడిచి వెళ్లింది. పొద్దున లేచేసరికి పొలాల్లో తుపాకులు.

మన భద్రత పద్ధతులన్నీ ఇట్లా ఏదో ఒక దెబ్బ తర్వాత పుట్టినవే. 1976 సెప్టెంబర్ 10న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాకైంది, 1978లో పౌర విమానయాన భద్రతా విభాగం బీసీఏఎస్ మొదలైంది. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క పేలి 329 మంది చనిపోయారు, 1987లో ఆ విభాగం స్వతంత్ర శాఖయింది. 1999 డిసెంబర్‌లో కాందహార్ హైజాక్, 2000లో ఎయిర్‌పోర్టులకు సీఐఎస్ఎఫ్ వచ్చింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో పనిచేసే ఎవరైనా బీసీఏఎస్ ఇచ్చే ఎంట్రీ పర్మిట్ మెళ్లో వేసుకోవాలి, ఎక్కడిదాకా పోవచ్చో దాని మీదే ఉంటుంది. గోడ మీద కోడ్ కాగితం అంటించి ఇంటికి పోయే ముచ్చట ఇక్కడ లేదు. తుపాకీ పట్టుకున్న జవాను ఉంటాడు. ఆయన రెండో ప్రశ్న కూడా అడుగుతాడు, కొంచెం గట్టిగా.

2011లో ఇంకో రకం దెబ్బ తగిలింది. నకిలీ మార్కుల షీట్లు పెట్టి లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు దొరికారు. అక్కడ మనిషి నిజం, ఫోటో నిజం, కార్డు కూడా నిజమే, కింద ఉన్న చదువే అబద్ధం. ప్రయాణికుల్ని మోసే విమానాల్లో! నా దృష్టిలో ఫోటో లేని కార్డు కన్నా ఇది పెద్ద రంధ్రం.

ఇప్పుడు ఇవన్నీ ఫోన్లోకి ఎక్కుతున్నాయి. 2025 ఫిబ్రవరి 20న మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు, విమానయాన మంత్రిగా, పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సు మొదలుపెట్టారు. చైనా తర్వాత ఇది తెచ్చిన రెండో దేశం మనదే. ఈజీసీఏ యాప్ తెరిస్తే లైసెన్సు కనపడుతుంది, అడిగినవాళ్లు అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. ఇది బాగుందని నా అభిప్రాయం. కార్డులో ఏముందో చూసి నమ్మడం కన్నా, ఇచ్చినవాణ్ని నేరుగా అడిగి నమ్మడం ఎప్పుడూ మెరుగే. రద్దయిన లైసెన్సు జేబులో పెట్టుకుని తిరిగేవాడి ఆట కట్టు. బావకు చెబితే ఒకటే అన్నాడు: "ఎనిమిది గంటలు ఎగిరినంక ఫోన్ల చార్జింగ్ ఎంతుంటదిరా?" ఆయన ట్యాబ్లెట్లో మ్యాపులు, ఫోన్లో వాతావరణం. దిగేసరికి రెండూ చచ్చిపోతాయట. రైట్ బ్రదర్స్‌కు చార్జింగ్ అక్కర్లేదు.

ప్రయాణికులుగా మనకు డిజి యాత్ర వచ్చింది. 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై, 2023లో హైదరాబాద్, విజయవాడలకూ వచ్చింది. మొహం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. మన వివరాలు మన ఫోన్లోనే ఉంటాయని, ఎయిర్‌పోర్టుకు పంపినవి విమానం వెళ్లిన 24 గంటల్లో తుడిచేస్తామని అంటున్నారు. నేను వాడతాను, దాచను. క్యూలో నలభై నిమిషాలు మిగులుతుంటే సిద్ధాంతాలు గుర్తురావు. కానీ వాడనివాళ్లకు మామూలు క్యూ ఎప్పటికీ ఉండాలి, అక్కడ మనిషే ఉండాలి. నానమ్మ పేరు సరిచేసింది కౌంటర్లోని అమ్మాయి. బావను విమానం దాకా నడిపించింది ముసలి మెకానిక్. కెమెరా గేటు ముందు నానమ్మ నిలబడి "నేను నేను గాదా" అంటే, అది మళ్లీ మొహం చూపించమంటుంది అంతే.

మా ఉమ్మడి జిల్లాలో చిన్న విమానం అంటే చాలామందికి గుర్తొచ్చేది మంచి జ్ఞాపకం కాదు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలి, నేర్చుకుంటున్న అమ్మాయి చనిపోయింది. బావ మొదటిసారి ఒక్కడే విమానం నడిపినరోజు ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడానికి కారణం అదే. కానీ చిన్న విమానాలు మనకు దూరమేం కాదు. తెలంగాణలో ఇవాళ్టికి ఎయిర్‌లైన్స్ దిగేది ఒక్క శంషాబాద్‌లోనే. వరంగల్ మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుంది. అక్కడ గేట్లు కట్టేటప్పుడు, వేరే ఊరి నుంచి నలుగురు పట్టే విమానమేసుకుని వచ్చే మనిషి ఎక్కడ దిగాలి, ఎటు నడవాలి, రాత్రి ఏడు దాటితే ఎవరిని పిలవాలి అని ఇప్పుడే ఎవరైనా కాగితం మీద రాసిపెడితే బాగుండు.

బావకు ఇప్పుడు కొత్త పిచ్చి పట్టింది. వచ్చే సంక్రాంతికి ఇక్కడికొచ్చి, పెద్దనాన్నను ఎక్కించుకుని రామన్నపేట మీద ఒక చక్కర్ కొడతాడట. పైనుంచి చెరువు, స్టేషను, మా ఇల్లు చూపిస్తాడట. అమెరికా కార్డుతో ఇక్కడి విమానం నడపనివ్వరు. మన లైసెన్సుగా మార్పించుకోవాలి, మన నిబంధనల మీద పరీక్ష రాయాలి, మన డాక్టరు మెడికల్ కావాలి, రేడియోలో మాట్లాడటానికి ఇంకో సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ ఇన్నాళ్లూ టెలికాం శాఖ ఇచ్చేది, 2025 జనవరి 1న భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చాక డీజీసీఏ చేతికొచ్చింది. ఈ సంక్రాంతికి కాదు బావా, దాని మీద సంక్రాంతికి చూద్దాం అన్నా. వినడే. వీటన్నిటికీ ముందు డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబరు తీసుకోవాలి, దానికి పదో తరగతి మెమో అడుగుతారు.

బావ పదో తరగతి చదివింది మా ఇంట్లో ఉండే. మెమో ఇక్కడే ఎక్కడో ఉండాలి. పోయిన ఆదివారం పెద్దనాన్న అటక మీది ట్రంకు పెట్టె దించి, పాత పట్టాదారు పుస్తకాలు, కరెంటు బిల్లులు, పెళ్లి కార్డులు అన్నీ అరుగు మీద పరిచి వెతికాడు. సాయంత్రం గ్రూపులో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అల్లుడా, మెమో దొరికింది. మంచిగనే ఉంది, చెదలు పట్టలే. గని ఇండ్ల ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉందిరా. పేరు స్పెల్లింగు గూడ ఏందో వేరే ఉన్నట్టుంది. ఫోటో అయితే అసలే లేదు."